గ్లాసు బొమ్మ ఉన్న బెంచీ

పొద్దున ఫోన్‌లో ఫ్యాక్టరీ సారు పోయారన్న వార్త చూశాను. ఆఫీసుకొస్తే లిఫ్టు పక్కన కొత్త యంత్రాలొచ్చిన చెక్కపెట్టె విప్పుతున్నారు. ఆ పచ్చి చెక్క వాసనకి అక్కడే ఆగిపోయాను.

హఫీజ్‌పేట్ బడిలో నాతో చదువుకున్నవాళ్లారా, మన బెంచీల వాసన గుర్తుందా? అటు హైటెక్ సిటీలో అద్దాల మేడ లేస్తుంటే, ఇటు మనం నేలమీద కూర్చునేవాళ్లం. మన బడి దగ్గర్లో ఫ్యాక్టరీ నడిపే ఆ సారు తన మిషన్లొచ్చిన పెట్టెలు కోయించి మనకు బెంచీలు చేయించారు. పేళ్లు గుచ్చుకుంటాయేమోనని ప్రతి బెంచీనీ తనే అరచేత్తో తడిమి చూశారు. గోడమీద పేరు రాయిస్తామని హెడ్మాస్టరంటే వద్దన్నారు.

నా బెంచీ మీద నల్లటి గ్లాసు బొమ్మ ఉండేది. లోపల పగిలే సామానుందని పెట్టెల మీద వేసే గుర్తు అది. నాకేం తెలుసు? నా స్టీలు గ్లాసు సరిగ్గా దాని మీదే పెట్టుకునేదాన్ని.

"ఇక్కడే ఎందుకు పెట్టావమ్మా?" అన్నారు ఓరోజు బడికొచ్చిన సారు.

"గ్లాసు జాగ గిదే గద సార్."

ఆయన నవ్వలేదు. "మరి ఖాళీగా ఉందేం?"

"ఇంట్లకెల్లి తెచ్చిన నీళ్లు అయిపోయినయ్ సార్. బడిల నల్లా లేదు."

పదిరోజుల్లో బడిలో బోరు పడింది.

పెద్దయ్యాక మనలో ఒక్కరైనా వెళ్లి ఆయన్ని కలిశామా? ఆయన ఇల్లు నేను రోజూ ఆఫీసుకొచ్చే దారిలోనే ఉంది. నేనూ వెళ్లలేదు.

ఇవాళ ఆ పెట్టె చెక్కలు చెత్తలో వేస్తుంటే ఒకటి అడిగి తెచ్చుకున్నాను. దాని మీదా అదే బొమ్మ. నా బల్లమీద ఉంచి, బొమ్మ మీద గ్లాసు నిండా నీళ్లు పెట్టాను.

సాయంత్రం దాకా తాగలేకపోయాను.