పచ్చ పగడాన్ని తిన్నదెవరు

నాచారంలో మందుబిళ్లలు చేసే ఒక ఫ్యాక్టరీలో తప్పులు పట్టడం నా ఉద్యోగం. లక్ష తెల్లబిళ్లల్లో ఒక్కదాని మీద దోమ కాలి గోరంత మచ్చ ఉన్నా నా కళ్లు పట్టేస్తాయి. అలాంటి నేను మా ముందుగదిలో గాజుపెట్టె ముందు నెలరోజులు కూర్చుని, నా కళ్లెదుట జరుగుతున్నదాన్ని పట్టలేకపోయాను.

ఆ పెట్టెను నేను సముద్రమంటాను. మా ఆవిడ ఉప్పుడ్రమ్ము అంటుంది. అందులో ఉప్పునీళ్లలో రాయికి అంటుకుని బతికే ఒక పచ్చ పగడం ఉండేది. చొక్కా గుండీలంత పువ్వులు, నడుమ నారింజ చుక్క. నిజానికి అది నాది కాదు. హబ్సిగూడలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారుది. ఆయన్ని అన్నా అంటాను. ఏళ్ల తరబడి పెంచిన ఆయన పగడాలన్నీ, ట్యాంకులో నీళ్లు తిప్పే పంపు ఆగిపోయి ఒకే మధ్యాహ్నం చచ్చిపోయాయి. అంతకు వారం ముందు నాకిచ్చిన ముక్క ఒక్కటే మిగిలింది.

"కొత్త ట్యాంకు తయారైనంక అండ్లకెంచి ఒక్క ముక్క ఇయ్యి తమ్మీ, చాలు," అన్నారు.

"ముక్క ఏందన్నా, బస్తా నింపి ఇస్త," అన్నాను.

అప్పటికి యాభై పువ్వులున్నాయి. తర్వాత ఒక్కొక్కటే, పెళ్లిలో పలకరించని దాయాదుల్లా మొహాలు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. నేను భూతద్దం పట్టాను. ఒక శనివారం పొద్దున దొంగ దొరికింది. ఒళ్లంతా వెంట్రుకలున్న గులాబీరంగు పురుగు, ముడుచుకున్న పువ్వు మీదే మూతి పెట్టి ఉంది. కొలిస్తే వేలెడు. ఫ్యాక్టరీలో చెప్పేసరికి కొండచిలువ అయింది. పట్టబోతే దాని వెంట్రుకలు వేలికి గుచ్చుకున్నాయి. నా కేకకు లాలాపేట ఫ్లైఓవర్ మీద బస్సులు ఆగిపోయి ఉంటాయి.

మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతుంది. తప్పు జరిగితే కారణం రాయాలి. కారణం దొరికితే సంతకం పెట్టి ఫైలు మూసెయ్యాలి. మూసిన ఫైలు తెరిచేవాణ్ని అందరూ అంటురోగిలా చూస్తారు. ఇంట్లోనూ అదే చేశాను. పురుగును చంపి, గోడ క్యాలెండర్ మీద కారణం రాసి, కింద పొడుగ్గా సంతకం పెట్టాను.

పువ్వులు తగ్గుతూనే ఉన్నాయి.

"మీరు జంపిన పురుగు దయ్యమై తింటున్నదా?" అంది మా ఆవిడ.

"కోలుకుంటున్నయి. టైం పడ్తది."

"ఎవలు, మీరా, పువ్వులా?"

నేను క్యాలెండర్ మీది సంతకాన్ని ఇంకోసారి దిద్దాను.

ఆ ఆదివారం అన్న మూత డబ్బా పట్టుకొని వచ్చారు. కొత్త ట్యాంకు సిద్ధమైందట. రాతి మీద పదకొండు పువ్వులున్నాయి. ఆయన కళ్లజోడు తీసి గాజుకు ముక్కు ఆనించి చూశారు.

"తమ్మీ, గీ పువ్వు నడుస్తున్నది."

అది పువ్వు కాదు. బియ్యపుగింజంత, పెంకు లేని నత్త. ఏ పువ్వును తింటే ఆ పువ్వు రంగే ఒంటికి ఎక్కించుకునే రకం. అదే పచ్చ, వీపు మీద అదే నారింజ. పువ్వు కాడ కింద తెల్లని గుడ్ల చుట్ట కూడా ఉంది.

"మరి నేను సంపిన ఆ ఎంట్రుకల పురుగు?"

"సచ్చినదాన్ని తిని సాఫ్ జేసేది గది. పాపం, దాన్ని సంపినవ్."

ఉప్పల్ రంగుచేపల దుకాణంలో మందు తెచ్చి, స్టీలుగిన్నెలో కలిపి రాయిని ముంచాం. తొమ్మిది నత్తలు రాలాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"అయిపోయిందన్నా. తీస్కపో."

"గుడ్లకు గీ మందు పనిజెయ్యదు తమ్మీ. మల్ల పుడ్తయి."

పళ్లబ్రష్షుతో గుడ్లను గీకాను. గుడ్లతోపాటు నాలుగు పువ్వులూ ఊడొచ్చాయి.

"ఇంకేం కనిపిస్తలేవన్నా."

"కనిపిస్తలేవనే కద, నెల దినాలు సూస్కుంట కూసున్నవ్."

కోపంతో అని ఉంటే బాగుండేది. చివరి బెంచీ కుర్రాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పారు. ఆ రాయిని ఆయన కొత్త నీళ్లలో పెట్టలేరు. వేరే గిన్నెలో ఉంచి, వారానికోసారి ముంచుతూ ఉండమన్నారు. టీ సగం తాగి, ఖాళీ డబ్బాతో మెట్లు దిగారు.

రెండోసారి ముంచితే మూడు నత్తలు రాలాయి. పువ్వులు రెండు మిగిలాయి. మూడోసారి ఒక్క నత్తా రాలలేదు. తినడానికి రాతి మీద ఏమీ లేదు మరి.

ఫోన్ చేసి చెప్పాను.

"సరే తమ్మీ," అన్నారు.

కొత్త ట్యాంకులో ఏం వేశారని అడిగాను.

"ఏం లేదు. నీళ్లు తిరుగుతున్నయి," అన్నారు.