బొంత వెనకవైపు

పిన్నిగారు పోయారన్న కబురు నాకు ఫోన్‌లో, దణ్ణం పెట్టే చేతుల బొమ్మల మధ్య తెలిసింది. మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలో నేను ఒకప్పుడు ఉన్న బిల్డింగ్ వాళ్ల గ్రూపులో ఎవరో పెట్టారు: "మనందరికీ అమ్మలాంటి ఆంటీ ఈ ఉదయం గుండెపోటుతో స్వర్గస్థులయ్యారు. కరోనా రోజుల్లో మన బిల్డింగ్ అంతా ఒకే కుటుంబంలా నిలబడిందంటే ఆమె చలవే." డ్యూటీ మధ్యలో, వార్డు బయట గోడకి ఆనుకుని చదివాను. మొదటి వాక్యానికి ఏడుపొచ్చింది. రెండో వాక్యానికి ఆ ఏడుపు ఆగిపోయింది.

మా ఇంట్లో బడికెళ్లిన మొదటి మనిషిని నేను. అచ్చులో ఉన్నదంతా నిజమేనని మా అమ్మ ఇప్పటికీ నమ్ముతుంది. ఆ మెసేజ్ ఆమెకి చదివి వినిపిస్తే "ఎంత మంచోళ్లే వాళ్లంతా" అనేది. అందుకే ఇది రాస్తున్నాను. పిన్నిగారి గురించి రాసినదాంట్లో ఒక్కటైనా నిజమై ఉండాలి.

నేను నర్సుని. లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఆ బిల్డింగ్ రెండో అంతస్తులో ఒక అంకుల్ వాళ్ల ఫ్లాట్‌లో చిన్న గది అద్దెకి తీసుకుని ఉన్నాను. నన్ను కరోనా వార్డుకి మార్చారని తెలిసిన రోజు, డ్యూటీ నుంచి వచ్చేసరికి నా సూట్‌కేసు మెట్ల మీద ఉంది. అంకుల్ తలుపు సందులోంచే మాట్లాడారు. "తప్పుగా అనుకోకమ్మా. నాకు బీపీ, మీ ఆంటీకి షుగరు. కొన్నాళ్లు మీ హాస్పిటల్ వాళ్లనే ఏదైనా చూడమను."

ఆయన భయపడ్డారని నాకు కోపం లేదు. నేనూ భయపడ్డాను. అందరం భయపడ్డాం.

ఆ సూట్‌కేసు పక్కనే కూర్చుని ఎవరికి ఫోన్ చేయాలా అని చూస్తుంటే, ఎదురు ఫ్లాట్ తలుపు తెరుచుకుంది. పిన్నిగారు. అప్పటికి ఆమె నాకు మెట్ల మీద నవ్వి పలకరించే పరిచయం మాత్రమే. రాజమండ్రి దగ్గరి మనిషి. పిల్లల్లేరు. బాబాయిగారు పనిచేసే వర్క్‌షాపు మూసేయడంతో ఆయన కూడా ఇంట్లోనే ఉన్నారు.

"అలా కూర్చున్నావేంటమ్మా, బస్సు వస్తుందనా? లే. బాల్కనీ గది ఖాళీగానే ఉంది. ముందు స్నానం. ఆ బట్టలు ఈ గిన్నెలో పడెయ్, ఉడకబెట్టేస్తాను."

"పిన్నిగారూ, మీకు ప్రమాదం."

"మీ బాబాయి వండిన పప్పుచారు తిని కూడా బతికున్నానమ్మా నేను. రా."

లోపల్నుంచి బాబాయిగారు ఏదో గొణిగారు. "గొణుక్కుంటారు, పట్టించుకోకు. గొణిగితే ఒప్పుకున్నట్టే" అన్నారు ఆమె.

అలా ఆ ఇంట్లో చేరాను. నా కంచం, నా గ్లాసు వేరు. నా అన్నం గది బయట స్టూలు మీద పెట్టేవారు. కానీ స్టూలు పెట్టి వెళ్లిపోయేవారు కాదు. అల్లంత దూరంలో నేల మీద చతికిలబడి, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగేవారు. తినేవాళ్లని ఇంకేమీ అడగకూడదని ఆమె నియమం. ఎంతమంది పోయారని గానీ, ఎలా ఉందని గానీ ఎప్పుడూ అడగలేదు. వార్డులో ఒకరు పోయిన రోజు నేను చెంచా పట్టుకుని అలాగే ఉండిపోతే, "ఉప్పు ఎక్కువైందా?" అన్నారు మెల్లగా. అవునన్నాను. మజ్జిగ తెచ్చి పోశారు.

డాబా మీద ఆమె తోట ఉండేది. పెయింటు బకెట్లు, నెయ్యి డబ్బాలు, వాటిలో గోంగూర, తోటకూర, ఎండకి ఎప్పుడూ అలిగినట్టుండే ఒక కరివేపాకు మొక్క. మస్కట్ ఎండలో మట్టి పెనంలా కాలేది. పాత దుప్పటిని పందిరిలా కట్టి, బియ్యం కడిగిన నీళ్లన్నీ మోసుకెళ్లి పోసేవారు. గోంగూర ఎవరికి కావాలంటే వాళ్లు కోసుకోవచ్చు.

ఇక బొంత సంగతి. నేను చేరకముందే ఆమె మొదలుపెట్టారు. ఒకరినొకరు చూసుకునే వీల్లేదు కాబట్టి గుడ్డలైనా పక్కపక్కన ఉంటాయని, మెట్ల రెయిలింగ్‌కి ఒక సంచి తగిలించి, ఇంటికొక పాత నూలుగుడ్డ వేయమన్నారు. చీర కొంగు, లుంగీ, కర్టెన్, చంటిపిల్ల ఫ్రాకు, అన్నీ వచ్చాయి. వాటిని చదరాలుగా కత్తిరించి, పాత దుప్పట్ల మీద పరిచి, తెల్లదారంతో కుట్టేవారు. పెద్దపెద్ద కుట్లు.

"ఇంత వదులుగా కుడితే నిలుస్తుందా పిన్నిగారూ?"

"కుట్టేటప్పుడే విప్పే సంగతి కూడా ఆలోచించాలమ్మా. గట్టిగా కుడితే విప్పేటప్పుడు గుడ్డ చిరుగుతుంది."

"అసలు ఈ మస్కట్‌లో బొంత ఎవరికి?"

"ఏసీ ఉందిగా. ఎవరికి చలేస్తే వాళ్లకి."

నేను ఆ ఇంట్లో ఉన్నానని బిల్డింగ్ అంతా తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. ముందు ఆమె పంపే పచ్చడి గిన్నెలు మూత తీయకుండానే తిరిగొచ్చాయి. డాబా మీద గోంగూర కోసుకోవడం మాత్రం ఎవరూ మానలేదు. నాకు ఒళ్లు మండి అడిగితే, "కోస్తేనే కదా చిగురేసేది" అన్నారు పిన్నిగారు.

తర్వాత మూడో అంతస్తు హైదరాబాద్ ఆవిడ వచ్చి మెట్ల మీదే నిలబడింది. "ఆంటీ, ఏమనుకోకుండ్రి. మా పాప ఫ్రాకు ముక్క మీ బొంతల ఉంది. నర్సమ్మ ఉండే ఇంట్ల అది ఉండుడు మాకు మంచిగ అనిపిస్తలేదు. తీసి ఇచ్చెయ్యుండ్రి."

"అలాగేనమ్మా. ఉతికి ఇమ్మంటావా, ఉతక్కుండా ఇమ్మంటావా?"

ఆవిడ వెనకే రెండో అంతస్తు అంకుల్ వచ్చారు, తర్వాత ఇంకో రెండిళ్ల వాళ్లు.

ఇది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రోగం భయమైతే, రోగం ఉందనుకునే ఇంట్లోంచి గుడ్డముక్కని తమ ఇంట్లోకి ఎవరైనా తెచ్చుకుంటారా? అది భయం కాదు. మా ముక్క మీ పక్కన ఉండకూడదనడం. అంతే.

పిన్నిగారు ఆ ముక్కలన్నీ విప్పారు. ఒక్క గుడ్డా చిరగలేదు. ఉతికి, ఇస్త్రీ చేసి, ఒక్కోదాని మీద ఒక గోంగూర కట్ట పెట్టి ఎవరి గుమ్మంలో వాళ్లకి ఉంచి వచ్చారు. వాటిలో ఒక ముక్క మర్నాడు అదే గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే గుడ్డగా కనిపించింది. ఆమె కూడా చూశారు. ఆ రోజు కూరలో నిజంగానే ఉప్పు ఎక్కువైంది.

బొంతలో అక్కడక్కడా ఖాళీలు మిగిలాయి. "నీ దగ్గర పాత బట్టేమైనా ఉందా?" అని అడిగారు. ఉడకబెట్టి ఉడకబెట్టి వెలిసిపోయిన నా నీలం యూనిఫామ్‌లు రెండు ఇచ్చాను. తెల్లదారం అయిపోయింది, దుకాణాలు మూసేశారు. బియ్యం సంచుల మూతి కుట్టిన ఎర్రదారం లాగి దాచుకునే అలవాటు ఆమెకి. ఆ లావుపాటి దారంతో నా నీలం ముక్కలు కుట్టారు. కొన్నాళ్లకి నాకే జ్వరం తగిలినప్పుడు ఆ బొంతే కప్పారు. తగ్గాక తీసుకోలేదు. "నీ దగ్గరే ఉంచుకో. నీకూ దానికీ ఇక కొత్తేముంది."

మొన్న రెండో అంతస్తు అంకుల్ ఫోన్ చేశారు. "ఆ బొంత నీ దగ్గరుందట కదమ్మా? సంతాప సభకి పట్టుకురా. వెనకాల కట్టేద్దాం. అందరిళ్ల గుడ్డలూ ఉన్నాయి కదా, మన యూనిటీకి అదే సింబల్."

ఎందుకు వెళ్లాలి అనుకున్నాను. తర్వాత, వెళ్లకపోతే ఆ మెసేజే మిగిలిపోతుంది అనుకున్నాను. నేనిప్పుడు ఉంటున్న మబేలా నుంచి టాక్సీలో తీసుకెళ్లాను. బాబాయిగారు అంత్యక్రియలకి ఆమెని తీసుకుని ఊరెళ్లిపోయారు. కింద పార్కింగ్‌లో కుర్చీలు వేసి, ఒక పెద్ద ఫ్యాను పెట్టారు. ఒక బల్ల మీద ఆమె ఫోటో, దండ. బొంత విప్పగానే హైదరాబాద్ ఆవిడ దగ్గరికొచ్చి చెయ్యి వేసి చూసింది.

"ఎంత మంచిగున్నయి ఈ నీలం ముక్కలు! ఆకాశం లెక్క. ఎవరింటివో?"

"నావి. నా యూనిఫామ్‌లు" అన్నాను.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. అంకుల్ ఫోన్‌లోకి చూసుకున్నారు.

నేను అరవాలనే వెళ్లాను. ఫోటోలో పిన్నిగారు ఉప్పు సరిపోయిందా అని అడుగుతున్నట్టే చూస్తున్నారు. అరవలేదు. రెండు స్తంభాల మధ్య తాడు మీద బొంతని తిరగేసి కట్టాను, వెనకవైపు జనానికి కనిపించేలా. అటు రంగుల్లేవు, వెలిసిన దుప్పటి, దాని మీద కుట్లు మాత్రమే. సన్నని తెల్లకుట్ల గళ్లు, వాటి మధ్య అక్కడక్కడా లావుపాటి ఎర్రగళ్లు. ఎవరి ముక్క ఎక్కడ ఉండేదో అక్కడున్న కొందరికి చెప్పనక్కర్లేదు.

ఐకమత్యం గురించి మాట్లాడాల్సిన అంకుల్ లేచి, ఆమె గోంగూర పచ్చడి బాగుండేదని చెప్పి కూర్చున్నారు.

చివరి గడికి పిన్నిగారు ముడి వేయలేదు. ఆ ఎర్రదారం కొస, ఫ్యాను గాలికి, అందరి తలల మీదా ఊగుతూనే ఉంది.