అమ్మ ప్రార్థన మీద వయొలిన్

మొన్న ఉయ్యూరు నుంచి అక్క తన పెళ్ళి డీవీడీ పంపించింది. ప్లేయరు పాడై ఏళ్ళయిందట. వచ్చే నెల కూతురి పెళ్ళిలో, సాగనంపేటప్పుడు అమ్మ ప్రార్థన అందరికీ వినిపించాలని, దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇమ్మంది. అమ్మ పోయాక ఆమె గొంతు మాకు ఇంకెక్కడా మిగల్లేదు. ఒకప్పుడు బెజవాడలో పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసి బతికినవాణ్ణి, ఈ మాత్రం చేయలేనా అనుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఏ సైజు, ఏ క్వాలిటీ అంటూ అది సవాలక్ష ప్రశ్నలు అడిగింది. పాత బొమ్మని ఎంత పెద్దది చేసినా కొత్తగా వచ్చేదేమీ ఉండదు కనుక ఉన్న సైజే ఉంచి, క్వాలిటీ పైకి పెట్టి, ముందుగా సాగనంపే ముక్క ఒక్కటీ మార్చి చూశాను. అక్క తల మీద చేయి వేసి అమ్మ ప్రార్థిస్తోంది, పెదవులు కదులుతున్నాయి, వినపడేది మాత్రం వయొలిన్. ఏ ఆడియో కావాలో ఎంచుకోమన్న చోట నొక్కితే అక్కడ ఉన్నది ఒక్కటే.

ఆ వయొలిన్ వేసింది నేనే. మీ ఇళ్ళలో ఆనాటి పెళ్ళి వీడియోలుంటే చూడండి, చాలావాటిలో మాటలుండవు. జనరేటరు రొద, పిల్లల ఏడుపులు, వంటవాళ్ళ కేకలు కలిసిన అసలు శబ్దాన్ని మొత్తం తీసేసి సంగీతం పరచడమే అప్పట్లో మా పనితనం. మిక్సింగ్ అయిపోగానే ఆ కెమెరా క్యాసెట్ మీదే మరుసటి వారం మైలవరంలోనో ఇబ్రహీంపట్నంలోనో ఇంకో పెళ్ళి తీసేవాళ్ళం. సొంత అక్క పెళ్ళి కదా అని దీనికి మరీ శ్రద్ధ పెట్టి, ఒక్క మాటా మిగలకుండా చేశాను. అందరం కూర్చుని చూసిన రోజు అమ్మ మురిసిపోయి, "నా గోలంతా తీసేసి మంచి పని చేశావురా" అంది.

లాభం లేదని తెలిసీ సెట్టింగులన్నీ మార్చి మార్చి చూశాను. వీడియో చూసి ఏళ్ళయి నాలాగే అక్క కూడా ఆ సంగతి మరిచినట్టుంది, సాయంత్రం ఫోన్ చేసి, "అమ్మ మాట బాగా వినపడుతోందా?" అని అడిగింది. "ఇంకా ఎక్కుతోందక్కా" అని అబద్ధమాడాను. 

ఇప్పటి పిల్లలు అన్నం దగ్గర పేచీ పెట్టినా మాటలతో సహా ఫోన్లో ఉంటోంది, ఆ గోల తీసేయాలని ఎవరికీ తోచడం లేదు. మాకు గోల అనిపించిందే వీళ్ళకి మురిపెం. కనీసం అమ్మ ఏమని ప్రార్థించిందో చెబుదామన్నా, చెరిపేముందు ఆ మాటలు చివరిసారి విన్నవాణ్ణి నేనే, ఒక్కటీ గుర్తు రావడం లేదు.