మూత మీద రేపటి తారీఖు

ఫ్రిజ్ అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. బెంగాల్లో, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లో ముప్పై ఏళ్లు కాపురం చేశాను. పప్పు పాడయిందో లేదో ముక్కు చెప్పేది. ముక్కుకి తెలియకపోతే గరిటె చెప్పేది, తీగ సాగితే పారబొయ్యడమే. న్యూ టౌన్‌లో కొడుకు ఫ్లాటుకి వచ్చాక ముక్కుకి పని లేకుండా పోయింది. చల్లటి డబ్బా మూత తీస్తే ఏ వాసనా రాదు. నిన్నటి కూరా, వారం నాటి కూరా ఒక్కలాగే ఊరుకుంటాయి. అలా నోరు మూసుకుని కూర్చునే తిండి నాకు ఇప్పటికీ గిట్టదు.

అందుకని కోడలు పెట్టిన పద్ధతి నాకు నచ్చింది. ఆమెది కరీంనగర్ వైపు, కంప్యూటర్ ఉద్యోగం. వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. అన్నం మర్నాటి వరకే. చేపా, మాంసం రెండు రోజులు. పప్పూ కూరా మూడు రోజులు. నాలుగో రోజు రుచి కూడా చూడకూడదు. ప్రతి మూత మీదా తెల్ల టేపు ముక్క అంటించి, దాని మీద పేరూ, వండిన తారీఖూ రాసేది.

నేను చదువుకున్నది ఆ టేపు ముక్కల మీదే, అరవై దాటాక. మనవరాలు కడుపున పడి కోడలు సెలవు మీద ఇంట్లో ఉన్న రోజుల్లో, మూతలు ఒక్కొక్కటే తీసి చూపించి చదివించేది. నేను మొదట చదివిన మాట పప్పు. తర్వాత పచ్చడి. అంకెలు ముప్పై ఒకటి వరకూ వచ్చేశాయి. ఆ తర్వాత ఫ్రిజ్ కాపలా నాదయింది. పొద్దున్నే తారీఖులు చదివి, గడువు దాటినది తీసేసేదాన్ని. నన్ను అడక్కుండా మనవరాలి డబ్బాలోకి ఏదీ వెళ్లేది కాదు.

వంటకి ఒక బెంగాలీ ఆవిడ వచ్చేది, సోమ, గురు, శనివారాలు. మా టవర్‌లోనే ఇంకో రెండు ఇళ్లలో కూడా చేసేది. నన్ను మాషీమా, అంటే పిన్నిగారూ అని పిలిచేది. పనిమంతురాలే. అయినా నేను పక్కనే నిలబడేదాన్ని. బంగాళాదుంపల చెక్కు మందంగా తీస్తుందనీ, మిగిలిన నూనె మళ్లీ వాడుతుందనీ నాకు అనుమానం. ఏనాడూ రుజువు దొరకలేదు.

ఒక నెల మూడో తారీఖున కోడలు ఆఫీసు పని మీద వారం రోజులు హైదరాబాద్ వెళ్లింది. వెళ్లేముందు రోజు వంటావిడకి టేపూ, పెన్నూ ఇచ్చి, పేర్లు రాయనక్కర్లేదు, తారీఖు ఒక్కటీ వెయ్యి అని హిందీలో చెప్పింది.

శుక్రవారం, ఎనిమిదో తారీఖు పొద్దున్న ఫ్రిజ్ తెరిచాను. పాల వెనక, ఇన్నాళ్లూ నా కంట పడకుండా, ఒక పప్పు డబ్బా ఉంది. టేపు మీద ఎనిమిది. అంటే ఈ రోజు వండినట్టు. ఈ రోజు ఆవిడ రాలేదు, రాదు కూడా. పక్కన, దొండకాయలాంటి పొటల్ కూర డబ్బా తీశాను. దాని మీద తొమ్మిది. ఇంకా రాని రోజు.

పప్పు ఒక చెంచా వేడి చేసి వాసన చూశాను. అడుగున ఎక్కడో పులుపు తగిలింది. పప్పులో మామిడికాయ లేదు, చింతపండు లేదు.

అప్పుడు గురువారం మాట గుర్తొచ్చింది. వెళ్లిపోతూ చెప్పులు వేసుకుంటూ, "మాషీమా, ఆ డాల్ ఇవాళ తినేసేయండి, మర్చిపోకండి" అంది. నేను తల ఊపాను గానీ, మన ఇంట్లో పప్పు మనం ఎప్పుడు తింటే ఈవిడకేం అనుకున్నాను. ఇప్పుడు అర్థమైందనిపించింది. పాతది మా చేత తినిపించి, పట్టుబడకుండా ముందు తారీఖులు వేస్తోంది. చదువురాని ముసల్దాన్ననుకుంది కాబోలు. రెండు డబ్బాలూ సాక్ష్యానికని వెనక్కి నెట్టి, కోడలికి ఫోను చేశాను.

"రేపటి తారీకు ఏసీసినాదమ్మా. నా కళ్లతో సూసినాను."

"గట్లెట్ల రాస్తది అత్తమ్మా? మీరు మంచిగ చూసిన్రా?"

"ఎనిమిదీ, తొమ్మిదీ నాకు తెల్దేటి? నువ్వే గదా నేర్పినావు."

"పాపకు పెట్టలేదు కదా?"

"నాను పెడతానేటి?"

"మంచిగ చేసిన్రు. రేపు ఆమెను ఏం అనకుండ్రి, పని చేసుకొని పోనీయండి. ఆదివారం నేనొచ్చి మాట్లాడుత. ఇంకో రెండిండ్లల్ల కూడ చేస్తది కదా, గ్రూపుల రాస్త. వాళ్లింట్ల గూడ పిల్లలున్నరు."

గ్రూపంటే టవర్ వాళ్లందరూ ఫోనులో రాసుకునేది. ఆ రోజంతా నాకు కొంచెం గర్వంగానే ఉంది. నేను చదివిన చదువు మొదటిసారి ఇంటికి అక్కరకొచ్చింది.

శనివారం ఆవిడ ఆలస్యంగా వచ్చింది. చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "తొమ్మిదో అంతస్తు బౌదీ నన్ను లోపలికి రానివ్వలేదు మాషీమా" అంది. బౌదీ అంటే వదిన, ఆవిడ వంట చేసే ఇంకో ఇంటి ఇల్లాలు. "ఇక రావద్దంది. ఎందుకంటే చెప్పదు. తలుపు సందులోంచి మాట్లాడింది. ఆరేళ్లుగా చేస్తున్నాను."

నేను గ్యాస్ కట్ట తుడుస్తూ ఉండిపోయాను.

ఆవిడ వంట చేసింది. చల్లారాక డబ్బాల్లో పోసింది. టేపు అంటించి రాసింది. నేను వెనకనుంచి తొంగి చూశాను. ఈసారి ఏం అబద్ధం వేస్తుందో చూద్దామని. మూత మీద ఉన్నది నాకు తెలిసిన ఏ అంకే కాదు. వంకర తిరిగిన గీత, చివర కొక్కెం.

"ఏమిటిది?" అన్నాను బెంగాలీలో.

"నొయ్. ఇవాళ నొయ్ తారీఖు కదా." నొయ్ అంటే తొమ్మిది.

ఫ్రిజ్ వెనకనుంచి పొటల్ డబ్బా లాగి ముందు పెట్టాను. "మరి ఇదేమిటి?"

"శాత్. గురువారం వండాను." శాత్ అంటే ఏడు.

పప్పు డబ్బా తీశాను. ఒకదాని మీద ఒకటి రెండు సున్నాలు. ఎవరు చూసినా ఎనిమిదే.

"ఇది చార్, సోమవారం డాల్. ఇంకా పారెయ్యలేదా మాషీమా? గురువారంతో అయిపోతుందనేగా చెప్పాను." మూత చేతిలోకి తీసుకుని నా ముఖం చూసింది. "మీరేమనుకున్నారు?"

ముప్పై ఏళ్లకు పైగా బెంగాలీ మాట్లాడుతున్నాను. బస్సులు కండక్టర్ కేకను బట్టి ఎక్కాను, చేపల ధర చెవితో విన్నాను. వాళ్ల నాలుగు మన ఎనిమిదిలా, వాళ్ల ఏడు మన తొమ్మిదిలా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ నాలుగుని ఎనిమిదని నమ్మి, అనుమానం గనక రాకపోయి ఉంటే, నాలుగు రోజుల పప్పు మనవరాలికి తాజాదని పెట్టి ఉందును. అదీ తలుచుకున్నాను. కానీ ఆ మాట ఆవిడ ముందు చెప్పుకునేది కాదు.

"నేనే చెప్పాను మా కోడలికి" అన్నాను. "నువ్వు దొంగ తారీఖులు వేస్తున్నావని. అదే తొమ్మిదో అంతస్తుకి వెళ్లింది."

ఆవిడ మూత కట్ట మీద పెట్టి, పెన్నుకి టోపీ పెట్టింది. "నన్నే అడగొచ్చు కదా మాషీమా. పక్కనే నిలబడతారు రోజూ."

అక్కడే నిలబడి కోడలికి ఫోను చేశాను. జరిగింది చెప్పాను.

"అయ్యో. నేను అందరికి రాసిన అత్తమ్మా." గొంతు చిన్నదైపోయింది. "సరే, తుడిపేస్త."

"తుడిపీడం కాదమ్మా. సూసినోలు సూసీసినారు. తప్పని రాయి. మా అత్తకి సదవడం రాలేదని రాయి."

"మీ గురించి గట్ల ఎట్ల రాయాలె?"

"నిజమే గదా. రాసీ."

ఆవిడని వెంటబెట్టుకుని, మూతలు రెండూ పట్టుకుని లిఫ్టులో పైకి వెళ్లాను. తొమ్మిదో అంతస్తు ఆమె తలుపు సగం తీసింది. నేను మూత ఎత్తి, ఇదేమిటో చదవమన్నాను.

"చార్" అందామె, రెప్ప వెయ్యకుండా. రెండోది చూసి, "శాత్. ఎందుకు?"

ఎందుకో చెప్పాను. ఆమెకి ముందు అర్థం కాలేదు, తర్వాత నవ్వేసింది. "ఓహ్, మీరు ఇంగ్లీషులో చదివారా" అంది. కానీ నవ్వాక కూడా తలుపు పూర్తిగా తియ్యలేదు. వేరే మనిషిని మాట్లాడేసుకున్నాననీ, ఆలోచిస్తాననీ అంది. లిఫ్టులో కిందకి వస్తున్నంతసేపూ వంటావిడ అంకెలు వెలుగుతున్న చోటే చూస్తూ నిలబడింది.

ఆ కొత్త మనిషి రెండు రోజులు వచ్చి మానేసింది. నాలుగు రోజుల తర్వాత బౌదీ కబురు పంపితే ఈవిడ వెళ్లింది. అది నా వల్ల కాదు, ఇంకో మనిషి దొరక్కనే అని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు.

ఇప్పుడు మా ఇంట్లో వంట అయ్యాక డబ్బాలన్నీ వరసగా పెట్టి, టేపులు కనిపించేలా ఫోనులో ఫోటో తీసుకుంటుంది. మొదటిరోజు ఎందుకని అడిగాను. "ఉంటుంది కదా మాషీమా, నా దగ్గర" అంది, ఫోను వైపే చూస్తూ. తర్వాత డబ్బాలు నేనే లోపల పెడతాను. నేను పెట్టి తలుపు వేసేదాకా ఆవిడ వెళ్లదు, నా పక్కనే నిలబడుతుంది.