గోదావరి మీంచి లేచిన విమానం

నిన్న మా శిక్షణ కేంద్రంలో ఒక కంప్యూటర్ మొరాయిస్తే పక్క రేకు విప్పాను. లోపలి నుంచి వేడెక్కిన బొగ్గు దుమ్ము వాసన గుప్పుమంది. నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనుల్లో మట్టీ బొగ్గూ మోసే డంపర్లు నడపబోయేవాళ్లకు ముందుగా తెర మీద బండి నడపడం నేర్పే ఉద్యోగం నాది. ఆ వాసనకు స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. గోదావరిఖనిలో మేడ మీది చిన్న గదిలో కంప్యూటర్ల దుమ్ము దులుపుతూ నిలబడ్డ సరోజక్క కళ్లముందు మెదిలింది.

సరోజక్క ఆ గదిలో కంప్యూటర్ సెంటర్ నడిపేది. వాళ్ల నాన్న కోస్తా నుంచి బొగ్గుబాయి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అక్క పుట్టింది ఇక్కడి దవాఖానలోనే. పెళ్లి చేసుకోలేదు. వాళ్లమ్మతో ఫోన్‌లో కోస్తా మాట మాట్లాడేది, ఫోన్ పెట్టగానే మాతో మా మాట. డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను పిలిచి పిల్లలకు పాఠాలు చెప్పమంది ఆమే. "నాకే సరిగ్గ రాదక్కా, నేనేం చెప్త?" అన్నాను. "ఎక్కడ సమజ్‌గాదో రానోళ్లకే తెలుస్తది. నువ్వే చెప్పాలె," అంది. బతుకులో నన్ను ఒక పనికి తగినదానిగా చూసిన మొదటి మనిషి ఆమె.

మధ్యాహ్నం పిల్లలు పల్చబడ్డాక అక్క తన విమానం తెరిచేది. విమానాలు నడిపే ప్రోగ్రాం ఒకటి ఉండేది. అందులో తను సొంతంగా ఒక విమానాన్ని తయారుచేసింది. చక్రాలకు బదులు కింద రెండు పడవల్లాంటి ఫ్లోట్లు. "నీళ్ల మీద దిగేదే ఎందుకక్కా?" అని అడిగాను. "మనకెవరు రన్‌వే ఏస్తరే? గోదావరైతే ఎవ్వరినీ అడిగే పని లేదు," అంది. అసలు గోదావరి అప్పుడు ఎండి ఇసుక తేలి ఉంది. తెర మీద మాత్రం నిండా నీలంగా పారేది.

ఆ విమానం మొదట్లో ముక్కు ముంచి మునిగిపోయింది. బరువు సర్దితే కప్పలా ఎగిరెగిరి పడింది. అదీ సర్దాక తేలింది, పరుగెత్తింది, కానీ నీళ్లను మాత్రం వదల్లేదు. పిల్లలు దానికి బర్రె అని పేరు పెట్టారు. "బర్రె లేచిందా మేడం?" అంటూ లోపలికి వచ్చేవాళ్లు. అక్కకు కోపం వచ్చేది కాదు. "ఇంకా నీళ్లలనే పండుకున్నది," అనేది.

అవి ఊరంతా ప్రత్యేక రాష్ట్రం గురించే మాట్లాడుకుంటున్న రోజులు. ఒక అమ్మాయి తండ్రి కోర్సులో చేర్పించడానికి వచ్చి, "మీరెట్లైన పొయ్యేటోళ్లే గద మేడం, కోర్సు అయ్యేదాక ఉంటరా?" అన్నాడు. వెటకారంగా కాదు, మామూలుగానే అడిగాడు. "నేనేడికి పోత అన్నా? నా ఊరు గిదే," అంది అక్క. ఆయన వెళ్లాక ఆ మధ్యాహ్నం విమానం తెరవలేదు.

తర్వాత వాళ్ల నాన్న రిటైరయ్యాడు. సెంటినరీ కాలనీలో కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ఖాళీ చేయాలి. తమ్ముడు విజయవాడకు రమ్మన్నాడు. అమ్మానాన్నలను పంపి తను ఇక్కడే ఉంటానని అక్క గది వెతికింది. నేనూ వెంట తిరిగాను. తాళంచెవి చేతిలో పట్టుకుని గది చూపించిన ఒక పెద్దామె, "ఒక్కదానివేనా? మొగదిక్కు లేకుంట ఎట్లియ్యాలె బిడ్డా?" అంది. మిగతా ఇళ్లలోనూ అదే మాట, కొంచెం అటూ ఇటూగా. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, సెంటర్ మూసి తనూ విజయవాడకే పోతానని చెప్పింది అక్క.

సెంటర్ మూసే ముందు రోజు మధ్యాహ్నం చివరిసారి బర్రెను నీళ్లలోకి దించింది. ఎప్పటిలాగే లేపాలని, విమానం నడిపే స్టిక్‌ను వెనక్కి గుంజి పట్టింది. తోక కిందికి దిగి, ఫ్లోట్లు నీళ్లను దున్నుకుంటూ పోతున్నాయి. సామాన్లు కట్టి కట్టి అలసిన చెయ్యేమో, పట్టు కొద్దిగా వదులైంది. ముక్కు కిందికి వాలింది. అంతే, విమానం నీటి పైకి తేలి చదునుగా జారసాగింది, వేగం పెరిగింది. అక్క ఆ వేగం చూస్తూ ఆగింది. వేలితో తాకినట్టు స్టిక్‌ను కదిపింది. నీళ్లు కిందికి పోయాయి, బర్రె లేచింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. "గుంజినకొద్ది నేనే ఆపిన దాన్ని," అని మెల్లగా అంది. తర్వాత విమానాన్ని కాలనీ వైపు తిప్పింది. ఆ ప్రోగ్రాంలో మా కాలనీ లేదు, గోదావరిఖనీ లేదు. నది పక్కన ఉత్త పచ్చటి నేల. "ఇక్కడుండాలె మన ఇల్లు," అంటూ అక్కడక్కడే తిప్పింది. చాలాసేపటికి నీళ్ల మీద దించి తెర ఆపేసింది.

అక్కను విజయవాడ బస్సెక్కించి నేను ఇంటికి వచ్చాక, మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, "మన ఇంట్లనే ఉండుమంటే అయిపోవు గదనే," అంది. రెండు గదుల క్వార్టర్, ఐదుగురం. ఆ ఆలోచన అప్పటిదాకా మా ఎవరికీ రాలేదు.

రాష్ట్రం వచ్చాక నాకు ఈ ఉద్యోగం దొరికింది. ఆమెకు ఫోన్ చేశాను. "చాలా సంతోషం. అమ్మగారు బాగున్నారా?" అంది. తమ్ముడి బట్టల కొట్లో కూర్చుంటోందట. కంప్యూటర్ ముట్టుకోవడం లేదట. "ఒకసారి రా అక్కా, మా ఇంట్ల ఉందువు," అన్నాను. ఆమె మళ్లీ మా మాటలోకి వచ్చింది. "గా మాట అప్పుడంటే ఉండేదాన్ని గద," అంది.

ఆ తర్వాత కూడా మాట్లాడుకున్నాం, పండగలకీ పబ్బాలకీ. ఆమె మాత్రం రాలేదు.

ఇప్పుడు ఎవరైనా ఊరు విడిచి పోతున్నామని చెబితే, ఎందుకు, ఎప్పుడు అని అడగను. ఉండమంటాను. ఉండరని తెలిసే అంటాను. చాలామంది నవ్వి ఊరుకుంటారు. మొన్న ఒకామె మాత్రం చేతిలో సంచి కింద పెట్టి, నా మొహంలోకి చూస్తూ నిలబడింది.