ఇప్పచెట్టు కింది నలుపు

దమ్మపేట దాటి అడవిలోకి వెళ్లిన రోజు ఇప్పచెట్ల కింద నేలంతా నల్లగా మాడి ఉంది. ఎవడు తగలబెట్టాడోనని ఒళ్లు మండిపోయింది. అక్కడే బండ మీద కూర్చుని, ఇది అడవి శ్మశానమని కవిత రాశాను. అటుగా వచ్చిన గూడెం అవ్వకు ఆవేశంగా చదివి వినిపించాను. ఆమె పకపకా నవ్వింది.

"మేమే కాల్చినం బిడ్డా. ఎండుటాకులల్ల రాలిన పువ్వు కనవడదు. రేపు పొద్దుగాల రా, చూస్తవు."

తెల్లవారుతుండగానే పరుగెత్తాను. నల్లటి నేల మీద లేతపసుపు ఇప్పపూలు టపటపా రాలుతున్నాయి! ఒక్కటీ దాగడం లేదు! నేను శ్మశానమన్నది పూల కోసం పరిచిన చాప!

"అవ్వా, మళ్లీ రాస్తా!" అని అరిచాను.

అవ్వ నా చేతిలో గంప పెట్టింది.

"మొదలు ఏరు. ఏరినంక రాయి."