తెర వెనక మూడో స్వరం

ఆ బృందగానం వాళ్ళకి ఒక తెర ఉండేది. ముదురు నీలం దుప్పటిని రెండు మడతలు పెట్టి కుట్టిన తెర. ప్రతి సీజను మొదటి ఆదివారం గ్రంథాలయం మేడమీది హాల్లో, రెండు స్తంభాల మధ్య దాన్ని కట్టేవారు. పాతవాళ్ళయినా కొత్తవాళ్ళయినా ఒక్కొక్కరే దాని వెనక్కి వెళ్ళి నిలబడాలి. ఇవతల కుర్చీలో మాస్టారు కూర్చుని కీబోర్డు మీద మూడు స్వరాలు వాయిస్తారు. ఒకటి కిందిది, ఒకటి నడిమిది, ఒకటి బాగా పైది. అవతలి మనిషి వాటిని తన గొంతుకు తగ్గ స్థాయిలో తిరిగి పాడాలి. పేరు చెప్పకూడదు, దగ్గకూడదు. తర్వాత బల్లమీది గంట ఒకసారి మోగితే ఆ సీజనుకు ఉన్నట్టు, రెండుసార్లు మోగితే లేనట్టు. ముఖం చూస్తే మొహమాటం పుడుతుందనీ, మొహమాటంతో శ్రుతి చెడుతుందనీ మాస్టారి సిద్ధాంతం.

మాస్టారంటే ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. వారమంతా కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట శ్రుతిదండం ఉంటుంది. దాన్ని మోకాలికి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, అందరికీ మొదటి స్వరం అందిస్తారు. దాన్ని అందరూ ఫోర్కు అంటారు కాబట్టి ఆయన ఫోర్కు మాస్టారయ్యారు. కొత్తగా చేరినవాళ్ళు ఈయనకి భోజనం మీద ధ్యాస ఎక్కువ కాబోలనుకునేవాళ్ళు.

ఏడాదికొక సీజను, సీజనుకు రెండు కచేరీలు. వానలు వెలిశాక ఒకటి, ఎండలు ముదరకముందు ఇంకొకటి. ఇరవై నాలుగేళ్ళుగా ఇదే వరస. కరపత్రం మీద కళాదర్శకుడని అచ్చేస్తారు గానీ, పాటలు ఎంచేదీ ఆయనే, జిరాక్సులు తీయించేదీ ఆయనే, హాలు తాళం కోసం వాచ్‌మన్‌ని బతిమాలేదీ ఆయనే. నల్లబట్టలు వేసుకురమ్మంటే సగంమంది ముదురు నీలం వేసుకొచ్చి, దీపాల వెలుగులో రెండూ ఒకటేగా అంటారు. అవి రెండూ ఒకటి కావని ఇరవై నాలుగేళ్ళుగా చెబుతున్నారు. మంద్రంలో పాడే బస్సు డ్రైవరు ఒకాయన ఉన్నాడు. బంగారం లాంటి గొంతే, కానీ ముందు బండి ఏదో అడ్డమొచ్చినట్టు ప్రతి చరణాన్నీ హారన్ కొట్టి మొదలెడతాడు. ఇవన్నీ ఒకప్పుడు మాస్టారికి ముచ్చటగా ఉండేవి. ఇప్పుడు హాలు మెట్లెక్కుతుంటేనే మోకాళ్ళకంటే ముందు మనసు అలిసిపోతోంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మాస్టారు రచ్చ గెలవడానికి ఇంట ఓడిపోయారు. తొమ్మిదేళ్ళ కిందట తెర వెనక ఒక ఆడగొంతు మూడో స్వరం దగ్గర సన్నగా కిందికి జారింది. ఆ గొంతు ఎవరిదో మాస్టారికి తెలియకపోవడమేమిటి? రోజూ పొద్దున్నే కాఫీ తాగండని పిలిచే గొంతే. అయినా గంట రెండుసార్లు మోగించారు. భార్య తెర వెనక నుంచి వచ్చి, పాటల కాగితాలు బల్లమీద పెట్టి, ఖాళీ అయిన నీళ్ళ కూజా తీసుకుని నింపడానికి వెళ్ళింది. ఆ రోజు నుంచి కూజా పని, కుర్చీల పని ఆవిడదే. ఒక్క రిహార్సలు కూడా మానలేదు. చివరి వరసలో కూర్చుని అందరి పాటా వింటుంది. ఆ సంగతి మీద ఇంట్లో వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

రెండేళ్ళ నుంచి షాపులో ఒక చిక్కొచ్చి పడింది. కౌంటరు మీద ఒక చిన్న గంట ఉంటుంది, హాల్లో ఉన్నదాని జతే. వచ్చినవాళ్ళు దాన్ని కొట్టికొట్టి, చివరికి లోపలికి తొంగిచూసి, "ఏవండీ, ఎవరూ లేరా?" అని కసురుకునేవాళ్ళు. గంట పాడైందని మాస్టారు కొత్తది తెచ్చారు. అదీ పాడైంది. మూడోది తెచ్చారు. ఈ కాలం వస్తువుల్లో నాణ్యం లేదన్నారు.

లోపం గంటది కాదని తెలియదా అంటే తెలుసు. కళ్ళ పరీక్షకొచ్చి, కింది వరస అక్షరాలు ముందే బట్టీపట్టి గడగడా అప్పజెప్పే పెద్దమనుషుల్ని ఆయన ఎంతమందిని చూడలేదు! తాను మాత్రం చేస్తున్నదేమిటి? శ్రుతిదండం చెవి దగ్గర కాకుండా చెవి వెనక ఎముకకు ఆనిస్తున్నారు. పై గొంతుల ఆడవాళ్ళు పాడుతుంటే వాళ్ళ పెదాలు చూస్తున్నారు. ఎక్కడ ఏ మాట వస్తుందో అన్నీ నోటికొచ్చినవే కాబట్టి చెయ్యి దానంతటదే ఊగుతోంది. మొన్నొక రిహార్సల్లో ఎవరూ కాగితం మీంచి తలెత్తకపోతే, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీకు చెప్పడం!" అని విసుక్కున్నారు. ఎప్పుడూ పకపకా నవ్వే హాలు ఆ రోజు గుంభనంగా ఉండిపోయింది. అలిసిపోయారేమో అనుకున్నారు మాస్టారు.

ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. ఇరవై అయిదో సీజను. అందులో ఏ వాద్యమూ లేకుండా, గొంతులతోనే, ఇరవై రెండు నిమిషాల పాట ఒకటి పాడించి దిగిపోవాలి. వాద్యం తోడు లేకపోతే ఎంతటి బృందమైనా పాడేకొద్దీ కిందికి జారుతుంది. మొదలుపెట్టిన చోటే ముగించడం గగనం. కానీ రెండేళ్ళుగా తన బృందం జారడం లేదు. వాద్యం లేకుండా రెండు చరణాలు పాడాక, మూడో చరణంలో కీబోర్డు వచ్చి కలిస్తే వెంట్రుకవాసి తేడా కూడా లేదు. అది తన ఇరవై నాలుగేళ్ళ కష్టానికి ఫలితమని ఆయన కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నారు. అద్దాలు బిగించేటప్పుడు షాపులో మేనేజరుకి కూడా చెప్పారు.

నలభై ఎనిమిదో కచేరీ కూడా అలాగే అయింది. రెండు చరణాలు గొంతులే. మూడో చరణంలో కీబోర్డు పాలల్లో నీళ్ళలా కలిసింది. చప్పట్లు మోగాయి. మాస్టారు వంగి దండం పెట్టారు. జనం మెట్లు దిగుతుంటే, కీబోర్డు వాయించే పళ్ళ డాక్టరు ఎవరితోనో మాట్లాడుతోందని, కీబోర్డు సర్దుదామని తానే వెళ్ళారు. దాని చిన్న తెరమీద ఒక అంకె వెలుగుతోంది. ఒకటి, దాని ముందు చిన్న గీత. వాద్యం మొత్తాన్నీ ఒక మెట్టు కిందికి దించే బొత్తాం నొక్కితే వచ్చే అంకె అది.

మాస్టారు దాన్ని చూస్తూ అలాగే నిలబడ్డారు. డాక్టరు గబగబా వచ్చి స్విచ్ ఆపేసింది. కానీ అప్పటికే ఆలస్యమైంది.

"ఎప్పట్నుంచమ్మా?" అన్నారు.

"మాస్టారూ, ఇవాళ ఏదో పొరపాటున..."

"పళ్ళు పీకేటప్పుడు నొప్పెట్టదని చెప్తావు చూడు, ఆ గొంతుతో మాట్లాడకు. ఎప్పట్నుంచి?"

డాక్టరు కుర్చీలో కూలబడింది. "రెండేళ్ళయింది మాస్టారూ. పై గొంతులవాళ్ళు జారుతున్నారు. వాళ్ళతోపాటు అందరూ. ఇదివరకు మీరు చిటికెనవేలు పైకెత్తి సరిచేసేవారు కదా. ఎత్తడం మానేశారు. ఒకసారి నేను అసలు శ్రుతిలో వచ్చి కలిస్తే అంతా రసాభాస అవుతుందని, మీరు అటు చూస్తున్నప్పుడు బొత్తాం నొక్కేశాను. అప్పట్నుంచి అదే అలవాటైపోయింది."

"అందరికీ తెలుసా?"

"బస్సు డ్రైవరుగారికి కూడా తెలుసండీ."

ఆయనకు కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. ఇన్నాళ్ళూ చెప్పుకు తిరిగిన గొప్పలన్నీ గుర్తొచ్చి ముఖం చెల్లలేదు, అంతే. శ్రుతిదండం జేబులోంచి తీసి, చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

ఇంటికి నడుస్తూ భార్యని అడిగారు. ఆవిడ ఎప్పుడూ ఆయనకు ఎడమపక్క నడిచేది, ఈమధ్య కుడిపక్కకు మారింది. ఆ సంగతి ఆయన ఇప్పుడే గమనించారు.

"నీకూ తెలుసన్నమాట."

"తెలుసండీ."

"మరి చెప్పవేం?"

"పిల్లి మెడలో గంట ఎవరు కడతారు? మీ ముఖం చూస్తే ఎవరికీ నోరు రాలేదు. నాకూ రాలేదు." నడుస్తూనే అంది, "చెవుల డాక్టరు దగ్గరకి వెళ్దామని నాలుగుసార్లు అన్నాను. మీరు షాపు గంట మార్చుకొచ్చారు."

ఇరవై అయిదో సీజను మొదటి ఆదివారం వచ్చింది. తెర కట్టారు. ఆ ఉదయం మాస్టారు వినే కుర్చీ జోలికి పోలేదు. డాక్టరుని కూర్చోమని, తాను కిటికీ దగ్గర స్టూలు వేసుకున్నారు. ముప్ఫై ఒక్కమంది తెర వెనక్కి వెళ్ళొచ్చారు. కొందరికి గంట ఒకసారి మోగింది, ఇద్దరికి రెండుసార్లు మోగింది. అది ఆయనకు డాక్టరు చెయ్యి చూస్తే తెలిసింది. అందరూ టీలకి కిందికి దిగాక, హాల్లో భార్య ఒక్కతే కుర్చీలు సర్దుతోంది.

"అవి తర్వాత సర్దుకోవచ్చు. ఇలా వచ్చి కూర్చో," అన్నారు మాస్టారు వినే కుర్చీ చూపించి.

"నేనా? ఎందుకు?"

"ప్రతి సీజనూ అందరూ తెర వెనక నిలబడాలన్నాను. ఇరవై నాలుగేళ్ళుగా ఒక్కడు ఎగ్గొట్టాడు. డాక్టరైతే నాకోసం బొత్తాం నొక్కుతుంది. నువ్వు నొక్కవు."

ఆవిడ చేతులు చీర కొంగుకు తుడుచుకుని కూర్చుంది. మాస్టారు తెర వెనక్కి వెళ్ళారు. అక్కడ నిలబడితే దుప్పటి వాసన తప్ప ఇంకేమీ ఉండదని ఆయనకు ఇన్నేళ్ళకి తెలిసింది. ఇంతమందిని ఇక్కడ నిలబెట్టానా అనుకున్నారు. ఇరవై అయిదో సీజను, ఇరవై రెండు నిమిషాల పాట, ఒక్కసారి, ఆ తర్వాత ఏమైనా పరవాలేదు. ఒక్క మోతతో సరిపెట్టమని ఆ గంటకే మనసులో దండం పెట్టుకున్నారు.

మొదటి స్వరం వచ్చింది. నిండుగా, స్పష్టంగా. పాడారు. రెండోది కాస్త దూరంనుంచి వచ్చినట్టు వచ్చింది. అదీ పాడారు. తన గొంతు తనకే బాగుందనిపించింది. మూడోదానికోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

నిలబడ్డారు. ఎంతసేపటికీ రాలేదు. పాపం, వాయించడానికి చెయ్యి రావడం లేదు కాబోలనుకున్నారు. తొమ్మిదేళ్ళు మనసులో పెట్టుకున్న మనిషి కూడా చివరి క్షణంలో జాలిపడుతుందనుకున్నారు. ఇంకాస్త ఆగి, తెర పక్కకి తీసి చూశారు.

భార్య కుడిచేతి వేలు కీబోర్డు చివరన ఉంది. ఎడమచెయ్యి గంట మీద ఉంది. కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి.

"మూడోది వాయించవేం?" అన్నారు.

"వాయించానండీ. రెండుసార్లు వాయించాను. మీరు పాడలేదు."

"మరి గంటో?"

"అదీ కొట్టేశాను."

ఎన్నిసార్లని ఆయన అడగలేదు. తెర అంచు పట్టుకుని, "చెయ్యి వణికిందా?" అన్నారు.

"వణికింది. ఒకసారి కొట్టాక రెండోది కొట్టడానికి చాలాసేపు పట్టింది." ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీరు నాకు కొట్టినప్పుడు రెండూ వెంటవెంటనే మోగాయి."

మాస్టారికి సిగ్గుతో ముఖం వేడెక్కింది. జేబులోంచి శ్రుతిదండం తీసి, డాక్టరు పాటల కాగితాల మీద పెట్టారు. తర్వాత ఖాళీ అయిన కూజా తీసుకుని నీళ్ళు పట్టడానికి కిందికి దిగారు.